మూడు చిటికెల తుప్పు

ముఖానికి ఏం రాసినా సరిపడని మనిషి ఇంటికొకరైనా ఉంటారు. మా ఇంట్లో ఆ ఒకరూ నేనే. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే నాకు గుండెల్లో దడ. పెళ్లికూతురి అలంకారం ముగించుకున్న బ్యూటీషియన్ పిల్ల చేతిలో బ్రష్షు అలాగే పట్టుకుని, "ఆంటీ, మీరూ కూర్చోండి, లైట్‌గా వేస్తా" అంటుంది. ఆ లైటు ఆ రాత్రి వెలగదు. అప్పగింతలైపోయి, సత్యనారాయణ వ్రతానికి అందరూ మళ్లీ చేరిన రోజున నా బుగ్గల మీద వెలుగుతుంది. వద్దంటే బెట్టు చేస్తోందంటారు, సరేనంటే దద్దుర్లు. ఇంట్లోనే నాలుగు పొడులు కలిపి ఫౌండేషన్ చేసుకోవడం ఈ ఇరకాటంలోంచి నాకు దొరికిన దారి. దాని గురించి చెప్పాలంటే ముందు ఆ ఆలస్యం సంగతి చెప్పాలి, తిరకాసంతా అక్కడే ఉంది.

ఒంటికి పడని వస్తువు తగలగానే మండితే ఎంత బాగుండేది! దొంగ దొడ్డిగుమ్మంలోనే దొరికిపోయేవాడు. ముఖానికి రాసుకునే వాటితో వచ్చే అలర్జీ చాలావరకు అలా రాదు. చర్మం ఆ వస్తువును గుర్తుపట్టి, లోపలికి కబురు పంపి, రక్షణ కణాలు వచ్చి రభస చేసేసరికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఈలోపల మనం కొత్త సబ్బు వాడి ఉంటాం, పెట్టెలోంచి తీసిన పట్టుచీర కట్టి ఉంటాం, విందులో గుత్తివంకాయ తిని ఉంటాం. నేరం వంకాయ మీదికి పోతుంది. మన ఇళ్లలో ఒంటి మీద ఏం లేచినా మొదటి ముద్దాయి వంకాయే కదా. చర్మం డాక్టర్లు అనుమానమున్న పదార్థాలను చిన్న చిన్న పట్టీల్లో వీపుకు అంటించి, 48 గంటలకు ఒకసారి, 96 గంటల దగ్గర ఇంకోసారి చూసేది ఈ ఆలస్యం వల్లే.

ఇలా ఏడిపించేవాటిలో ముందు వరసలో ఉండేవి రెండు జాతులు. వాసన కోసం కలిపేవి, సరుకు చెడిపోకుండా కలిపేవి. డబ్బా వెనక 'పర్‌ఫ్యూమ్' అని ఒక్క మాట ఉంటుంది, ఆ ఒక్క మాట కింద డజన్లకొద్దీ పదార్థాలు తలదాచుకోవచ్చు. ముందువైపేమో 'సున్నిత చర్మానికి', 'హైపోఅలర్జెనిక్' అని ముద్రలు. అమెరికాలో ఆ రెండో మాట వాడుకోవాలంటే పరీక్ష చేసి రుజువు చూపాలని అక్కడి ఎఫ్‌డీఏ 1975లో ఒక నియమం తెచ్చింది. కంపెనీలు కోర్టుకెళ్లాయి. 1977లో ఆ నియమం చెల్లదని తీర్పొచ్చింది. ఇక ఆ మాట ఎవరు రాసుకుంటే వారిది. కాబట్టి ముందున్న ముద్ర చూడటం మానేసి వెనకున్న జాబితా పొడుగు చూడటం మొదలుపెట్టాను. ముప్ఫై పేర్లున్న క్రీము పడకపోతే తప్పెవరిదో తేల్చడం కష్టం. ఐదు పేర్లున్న పొడి పడకపోతే ఒక్కొక్కటే తీసేసి చూడొచ్చు. ఇంట్లో చేసుకోవడంలో నాకు కనబడిన లాభం ఇదొక్కటే. మిగతా గొప్పలన్నీ, సహజమని, స్వచ్ఛమని, మన పూర్వులదని, ఎవరైనా చెబితే నవ్వి ఊరుకుంటాను.

జాబితా పొట్టిగా ఉండాలంటే నీళ్లు ఉండకూడదు. నీళ్లుంటే క్రిములు చేరతాయి, క్రిములు చేరకుండా ఇంకేదో మందు వెయ్యాలి, నూనె నీళ్లు విడిపోకుండా మరొకటి వెయ్యాలి, ఆ మందుల వాసన కొట్టకుండా అత్తరు వెయ్యాలి. పొడిపొడిగా ఉండే ఖనిజానికి ఈ తంటాలేవీ లేవు. ఏళ్ల తరబడి డబ్బాలో మూతపెట్టి ఉంచినా అందులో క్రిమి తినడానికేం లేదు. ఇంటి దినుసే మేలని కొందరు ఇందులో బియ్యప్పిండో పాలగుండో కలుపుతారు. చెమట తగిలిన బ్రష్షును మళ్లీ అదే డబ్బాలో ముంచే మనుషులం మనం. పిండి పదార్థం జోలికి నేను పోను.

నా పొడిలో ముప్పాతికకు మించి తెలుపే. జింక్ ఆక్సైడ్, తెల్ల బంకమట్టి అయిన కేయోలిన్, ముఖాన్ని అంటిపెట్టుకుని ఉండటానికి కొద్దిగా మెగ్నీషియం స్టియరేట్. టైటానియం డయాక్సైడ్ అని ఇంకో తెలుపుంది. మచ్చను కప్పడంలో దాన్ని మించింది లేదు. మన ఒంటి రంగు మీద అది కాస్త ఎక్కువైందంటే మాత్రం మనిషి పిండిమరలోంచి వచ్చినట్టుంటుంది, అందుకే చిటికెలోనే ఆపుతాను. ఇక రంగు కోసం ఐరన్ ఆక్సైడ్లు, పసుపు, ఎరుపు, నలుపు. మాటలు పెద్దవి గానీ ఐరన్ ఆక్సైడ్ అంటే ఇనప్పెట్టె అడుగున రాలే తుప్పే.

ఈ పేర్లు చదివి కంగారుపడే వాళ్లకు నేను మందుల అలమరలోంచి కలమైన్ లోషన్ తీసి చూపిస్తాను. చెమటకాయలు పేలినా, పిల్లలకు ఆటలమ్మ పోసినా, దోమ కుట్టినా మనం రాసేది అదే. అందులో ముఖ్యమైన మందు జింక్ సమ్మేళనం. దాన్ని గులాబీ రంగుకు తెచ్చేది కలిసీ కలవని ఎర్ర ఐరన్ ఆక్సైడ్. అంటే రెండు తరాలుగా మనింట్లో ఒక ఖనిజాల మేకప్ సీసా ఉండనే ఉంది, ఎవరం దాన్ని సోకు అనుకోలేదు, అంతే. పొడి చేసుకోవాలన్న ధైర్యం నాకు అక్కడే వచ్చింది. కలమైన్‌తో ఏనాడూ నా ముఖం గొడవ పడలేదు మరి.

ఇంకాస్త వెనక్కి పోతే అమ్మమ్మ కుంకుమ. మా అమ్మమ్మ దుకాణం కుంకుమ కొనేది కాదు. పసుపు కొమ్ముల్ని రోట్లో పలుకులుగా దంచి, పటిక, వెలిగారం నూరి నిమ్మరసంలో కలిపి, ఆ పలుకుల్ని అందులో నానేసేది. రోజుకోసారి చెక్క గరిటెతో తిరగేసేది, లోహం తగలనిచ్చేది కాదు. పలుకులు రసమంతా పీల్చుకుని, పచ్చగా ఉన్నవి కళ్ల ముందే కాషాయానికి, కాషాయం నుంచి నెత్తురు రంగుకు తిరిగేవి. నీడన ఆరబెట్టి, దంచి, పాత మల్లుగుడ్డలో వస్త్రకాయితం పట్టి, నాలుగు బొట్లు నేతితో మెదిపితే అప్పుడు భరిణెలోకి ఎక్కేది. పసుపులోని కర్‌క్యుమిన్ వెలిగారంలోని బోరాన్‌తో, నిమ్మ పులుపు సాయంతో ముడిపడితే ఎర్రటి రంగు పదార్థం పుడుతుంది. రసాయన శాస్త్రంలో బోరాన్ ఉందో లేదో కనిపెట్టడానికి ఇదే పసుపు వాడతారు. అమ్మమ్మకు బోరాన్ పేరు తెలియదు. నిమ్మరసం తగ్గితే రంగు పాకాన పడదని మాత్రం బాగా తెలుసు.

ఆ కుంకుమ నాకు పడేది. బజారు కుంకుమ పెట్టుకుంటే రెండు రోజుల్లో నుదుటి మీద దురద. బజారువాటిలో చాలావాటికి ఆ ఎరుపు కృత్రిమ రంగులతో వస్తుంది, ఆ రంగుల్లో కొన్ని చర్మానికి పడవని డాక్టర్లు ఎప్పుడో గుర్తించారు. స్టిక్కర్ బొట్టుబిళ్లలు వచ్చాక కథ మరో మలుపు తిరిగింది. బిళ్ల వెనక జిగురులో ఉండే ఒక రసాయనం కొందరి నుదుట సరిగ్గా బిళ్లంత మేర తెల్లమచ్చ చేసి పోతుంది. ఆ మచ్చ కనబడకూడదని దాని మీద ఇంకాస్త పెద్ద బిళ్ల పెట్టుకునే ఆడవాళ్లను నేను చూశాను. మచ్చ కూడా బిళ్లతోపాటే పెరుగుతుంది.

ఇక్కడిదాకా వచ్చాక 'చూశారా, పాతవే మంచివి, మట్టివే మంచివి' అని ముగించడం చాలా సులువు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. వీధి భాగవతాల్లో వేషం కట్టేవాళ్లు ముఖానికి పచ్చగా అర్దళం పూసుకునేవారు. దీపాల వెలుగులో బంగారంలా నిగనిగలాడే ఆ పొడి ఖనిజమే, భూమిలోంచి తవ్వి తీసిందే. అది ఆర్సెనిక్, గంధకం కలిసిన పదార్థం. కథకళి వేషంలో మనయోల అంటారే, అదీ ఇదే. పక్కనే వాడే ఎర్ర ఇంగిలీకం పాదరసం కలిసిన ఖనిజం. పిల్లల కళ్లకు ఎంతో చలవని పెట్టే సుర్మా రాయి చాలాచోట్ల సీసపు ఖనిజం. పదహారో శతాబ్దంలో ఇంగ్లండు దొరసానులు ముఖం పాలరాయిలా కనబడాలని పూసుకున్న తెలుపు కూడా సీసానిదే. మట్టికి మన మీద ప్రేమా లేదు, పగా లేదు. ఏ మట్టిలో ఏముందో చూసుకునే బాధ్యత మనది. సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలను రంగు కోసం సౌందర్య సాధనాల్లో వాడకూడదని మన చట్టం కూడా చెబుతోంది.

అందువల్ల నేను కలిపే తుప్పు కొండల్లో తవ్వింది కాదు. ముగ్గుల పక్కన గడపకు పూసే జాజులో ఉన్నదీ ఐరన్ ఆక్సైడే, రంగు కూడా ముచ్చటగా ఉంటుంది. అయితే నేలలోంచి వచ్చినదానికి ఇరుగుపొరుగు ఎక్కువ, సీసమో ఆర్సెనికో కాసింత వెంటబెట్టుకు రావచ్చు. ముఖానికి వాడే ఐరన్ ఆక్సైడ్లను ఫ్యాక్టరీలోనే తయారుచేస్తారు. అమెరికా నిబంధనల ప్రకారం వాటిలో సీసం పది లక్షల్లో 10 వంతులు, ఆర్సెనిక్ 3 వంతులు, పాదరసం 3 వంతులు దాటకూడదు. ఇంట్లో చేసుకున్న పొడి అని చెప్పి, తీరా ఫ్యాక్టరీ రంగు వాడావా అని మా చుట్టాల్లో ఒకావిడ మూతి తిప్పింది. తిప్పనీ. ముఖానికి వాడే గ్రేడు అని రాసిన పొట్లం తప్ప, హార్డ్‌వేర్ షాపులో సిమెంటు గచ్చుకు వేసే ఎర్రరంగు పొట్లం ఎంత చవకైనా ఈ పనికి ముట్టుకోకూడదు. రెండిటి పేరూ ఒకటే, అక్కడే జనం బోల్తా పడతారు.

ఇప్పుడు కలిపే పని. చూడటానికి నాకు ఇంతకంటే వేడుకైన పని లేదు. కిటికీ మూసి, ఫ్యాను ఆపి, మాస్కు పెట్టుకుని కూర్చోవాలి. ఇంత మెత్తటి పొడి ఏదైనా ఊపిరితిత్తుల్లోకి పోవడం మంచిది కాదు. టైటానియం డయాక్సైడ్ దుమ్మును పీల్చడం వల్ల క్యాన్సర్ రావచ్చునేమోనన్న జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన సంస్థే పెట్టింది, టాల్క్‌ను 2024లో అంతకంటే ఒక మెట్టు పైకి చేర్చింది. రాసుకునేటప్పుడు కూడా ముఖం మీద దులపకుండా అద్దుకోవాలని చెప్పేది అందుకే. చిల్లిగవ్వంత బరువు కూడా తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి, తెల్ల పింగాణీ కల్వం ఒకటి ఉంటే చాలు. మిక్సీలో వెయ్యకూడదా అంటే వెయ్యొచ్చు, ఈ పనికి మాత్రమే ఉంచుకున్న జారుంటే. ఆవకాయ కారం ఆడిన జారులో ముఖానికి పూసే పొడి తిప్పే సాహసం శత్రువు కూడా చెయ్యకూడదు.

తెల్లపొడి కల్వంలో పోస్తే జింకు ఉండలుండలుగా, తడిసిన సున్నంలా అంటుకుంటుంది. దాని మీద పసుపు తుప్పు వేస్తే శనగపిండి రంగు వస్తుంది. అంతవరకు ఎవరికీ భయం ఉండదు. ఎరుపు వేసినప్పుడు చూడాలి. కాగితం మడత అంచు నుంచి రాలినంత ఎరుపు, కల్వంలో ఒక మూల ఇటుక మరకలా కూర్చుంటుంది. బండతో తిప్పేకొద్దీ ఆ మరక సాగి, చారలై, చారలు సన్నబడి మాయమవుతాయి. రంగు కలిసిపోయిందనిపిస్తుంది. అప్పుడు ఒక చెంచా తిరగేసి దాని వీపుతో పొడిని గట్టిగా అదిమి లాగితే, ఆ నున్నటి దారిలో మళ్లీ ఎర్రటి గీత ఒకటి కత్తిగాటులా బయటపడుతుంది. లోపల ఇంకా నలగని రంగు రేణువులున్నాయన్నమాట. అలాగే ముఖానికి అద్దితే బుగ్గ మీద చెయ్యి జారినప్పుడల్లా ఒక ఎర్రచార. చెంచా ఎంత లాగినా గీత రాకుండా ఉండేదాకా నూరాలి. చెయ్యి నొప్పి పుట్టి ఇక చాలనుకున్న తర్వాత ఇంకో పావుగంట నూరితే అప్పటికి వస్తుంది. ఆయుర్వేదం మందుల్ని రోజులకొద్దీ నూరించే వైద్యుల ఓపిక విలువ నాకు ఈ కల్వం ముందే బోధపడింది.

పసుపు తుప్పుకూ ఎర్ర తుప్పుకూ మధ్య ఉన్న దూరం చాలా తక్కువ. పసుపు దాంట్లో నీరు ముడిపడి ఉంటుంది. బాగా కాలిస్తే ఆ నీరు ఎగిరిపోయి అది ఎర్రబడుతుంది. గోదావరి పక్కన ఇటుకల బట్టీలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, మట్టిరంగులో లోపలికి పోయిన ఇటుక ఎర్రగా బయటికి రావడానికీ కారణం మట్టిలోని ఇనుమే. నలుపు మాత్రం వేరు, అయస్కాంతం పెడితే అంటుకుంటుంది. కాటా పక్కన ఫ్రిజ్జుకు అంటించే బొమ్మ ఒకటి పెట్టి మా మేనకోడలికి చూపిస్తే, నల్లపొడి గడ్డాల్లా లేచి నిలబడినందుకు అది కెవ్వుమంది. మనం ఇప్పుడు ఇనుము పూసుకుంటామా అత్తా అని అడిగింది. నీ నెత్తుటి ఎరుపులో ఉన్నదీ ఇనుమే కదే అన్నాను.

పాళ్ల దగ్గరికొస్తే, నా ముఖానికి 10 గ్రాముల తెలుపుకు సుమారు గ్రామున్నర రంగు పడుతుంది. అందులో పసుపే గ్రాము పైచిలుకు. ఎరుపు పసుపులో మూడో వంతుకు లోపల. నలుపు అంటీ అంటనట్టు. ఈ లెక్క మీకు పనికిరాదు. పనికొచ్చేదేమిటంటే, కలిపేవాళ్లెవరైనా సరే, చెయ్యి దానంతటదే తెలుపు డబ్బా వైపు పోతుంది. కొంచెం తెల్లగా ఉంటే ఏం పోయిందిలే అనిపిస్తుంది. అదీ ఒక్క మనిషి బలహీనత కాదు. మన దేశంలో తెల్లబరుస్తానని చెప్పుకున్న క్రీము ఒకటి 1975 నుంచి అదే పేరుతో అమ్ముడై, 2020లో గానీ పేరు మార్చుకోలేదు. పెళ్లిచూపుల ఫొటోకు స్టూడియో అబ్బాయి మనం అడక్కుండానే రెండు ఛాయలు తేరుస్తాడు. అంగట్లో ఫౌండేషన్ అమ్మే అమ్మాయి మణికట్టు మీద రాసి, "ఇది మీకన్నా ఒక్క షేడ్ లైట్, బాగుంటుంది మేడమ్" అంటుంది. ఆ ఒక్క షేడే గడ్డం కింద మెడ మొదలయ్యే దగ్గర గీత గీసినట్టు కనబడేది.

కల్వం ముందు ఆ మొహమాటాలు చెల్లవు. పొడి నా దవడ మీద కనబడకుండా పోతేనే అది నా రంగు. కనబడిందంటే తప్పు దానిది, ఏ వైపు తప్పో కూడా చెబుతుంది. బూడిదగా తేలితే తెలుపు ఎక్కువైంది. మొన్నే ఎండలో తిరిగొచ్చినట్టుంటే ఎరుపు ఎక్కువైంది. కామెర్ల మనిషిలా ఉంటే పసుపు. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, దవడ ఎముక మీద రాసి చూడాలి, ట్యూబ్‌లైటు కింద చూసిన రంగు రంగు కాదు. రాయగానే తేల్చెయ్యకూడదు కూడా. చర్మం జిడ్డు పొడిలోకి దిగాక ఒక ఛాయ ముదురుతుంది, కాసేపు వంటపని చేసుకుని వచ్చి చూడాలి. అలా చూడగా చూడగా తేలిందేమిటంటే, ఇన్నేళ్లూ అద్దంలో నేను చూసుకున్నది నా రంగు ఎంత తక్కువో అన్నదే. ఈసారి ఎంత పసుపు, ఎంత ఎరుపు అని చూశాను. నా ముఖంలో ఇంత పసుపుందని నాకెవరూ చెప్పలేదు. చామనఛాయ అని ఒక్క మాటలో కొట్టేసిన చోట ఇంత లెక్క ఉంది. మా అక్క పొడిలో ఎరుపు ఎక్కువ పడుతుంది, నా పొడి దానికి పాలిపోయినట్టుంటుంది. ఒక్క తల్లి పిల్లలం.

కొందరు దీన్ని ఎండకు కాపు అని కూడా ప్రచారం చేస్తారు. జింక్ ఆక్సైడ్ ఎండను ఆపేదే, సన్‌స్క్రీన్లలో వాడేదే. అంతమాత్రాన ఇంట్లో కలిపిన పొడికి ఇంత ఎస్‌పీఎఫ్ అని చెప్పడం కుదరదు. ప్రయోగశాలలో ఆ అంకె తేల్చేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూస్తారు. ముఖానికి పొడి అంత మందాన ఎవరూ అద్దుకోరు, అద్దుకుంటే బుర్రకథ చెప్పడానికి వెళ్లాల్సిందే. ఎండకు గొడుగు, సన్‌స్క్రీన్ దేనిదారి దానిదే.

మెరుపు సంగతి చెప్పలేదు కదూ. బజారులో దొరికే ఖనిజాల మేకప్‌లో చర్మం నిగనిగలాడటానికి సామాన్యంగా రెండు వాడతారు. ఒకటి బిస్మత్ ఆక్సీక్లోరైడ్, ముత్యంలా మెరుస్తుంది, నాలాంటి వాళ్లలో చాలామందికి చెమట పట్టగానే దురద పెడుతుంది. దాన్ని వదిలెయ్యడానికి నాకు క్షణం పట్టలేదు. రెండోది అభ్రకం, మైకా. దీనితో చర్మానికి పేచీ లేదు. మనసుకే ఉంది.

అభ్రకం మాకు పరాయిది కాదు. నెల్లూరు సీమలో గూడూరు, సైదాపురం, కలిచేడు చుట్టుపక్కల గనుల నుంచి ఒకప్పుడు అభ్రకం పలకలు ఓడలెక్కి దేశాలు తిరిగాయి. కరెంటు సామానులో వేడికీ విద్యుత్తుకూ అడ్డంగా పెట్టడానికి వాటిని మించింది లేని రోజులవి. ఆ వైపు వెళితే ఇప్పటికీ ఇసకలో కాలికింద తళుక్కుమంటుంది. పిల్లలు ఏరుకుని కాకిబంగారం అంటూ గోళ్లతో పొరలు పొరలుగా ఒలుస్తారు. అది ఆట. జార్ఖండ్, బిహార్ అభ్రకం నేలల్లో మాత్రం అది ఆట కాదు. అక్కడ మూతపడిన గనుల్లో, అనుమతి లేని గోతుల్లో పిల్లలు దిగి రేకులు ఏరి బుట్టలు నింపుతున్నారని, గోతులు కూలి ప్రాణాలు పోతున్నాయని చాలాసార్లు బయటపడింది. ప్రపంచంలోని పెద్ద పెద్ద మేకప్ కంపెనీలు కొన్ని 2017లో ఒక సంఘంగా ఏర్పడి, అభ్రకం ఎక్కణ్నుంచి వస్తోందో లెక్క చూసుకుంటామన్నాయి. ఇంకొన్ని ప్రయోగశాలలో చేసిన కృత్రిమ అభ్రకానికి మారాయి. చిన్న పొట్లం కొనే నాలాంటి మనిషికి ఆ పొట్లంలోది ఏ గోతిలోంచి వచ్చిందో చెప్పేవాళ్లు లేరు. జాబితా పొట్టిగా ఉంచుకున్నది ఎందుకు? ఉన్న ఆ నాలుగింటి పుట్టుపూర్వోత్తరాలైనా తెలియాలని కదా. తెలియనిది ఒకటుంటే తీసెయ్యడమే. నా పొడికి మెరుపు లేదు. కాస్త మట్టిమట్టిగా, అప్పుడే ముఖం కడిగి తుడుచుకున్నట్టుంటుంది. ఫొటోల్లో పక్కనున్న వాళ్లందరూ వెలుగుతుంటే నేను మామూలుగా ఉంటాను.

చివరికి ఇది నా ఒంటికి పడిందా అంటే పడింది. చెవి వెనక కొంచెం, మోచేతి మడతలో కొంచెం రాసి, వంకాయను అనుమానించే గడువు దాటేదాకా ఆగి, తరవాతే బుగ్గకు తెచ్చాను. మీకు పడుతుందని నేను చెప్పలేను. ముఖం నిండా ఎరుపు, పొట్టు, నీరు కారడం ఉన్నవాళ్లు పొడుల జోలికి పోకుండా ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఇది కప్పే పదార్థమే, నయం చేసేది కాదు.

మా వదిన ఇదంతా చూసి, "ఇంత కష్టపడి ఒక్క డబ్బా చేస్తావేమిటే, ఓ వంద చేసి అమ్మరాదూ?" అంది. అమ్మాలంటే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు కావాలని, దానికి తగిన గదులు, చదువుకున్న మనిషి, సరుకు పరీక్షలు ఉండాలని చెప్పాను. ఎవరి ముఖానికి ఏది పడుతుందో తెలియకుండా వంద డబ్బాలకు పూచీ పడే గుండె నాకు లేదని కూడా చెప్పాను. "సరేలే, వచ్చే నెల చిన్నాడి పెళ్లికి నాకొక్కటి చేసిపెట్టు" అని నా డబ్బాలోంచి వేలితో తీసి దవడకు రాసుకుని, కిటికీ దగ్గరికెళ్లి అద్దంలో చూసుకుంది.

"నాకిది పచ్చగా ఉందే. పసుపు తగ్గించి ఎరుపు వెయ్యి. తెలుపు మాత్రం ఇంకాస్త పడనీ."

తెలుపు పెంచితే నీ రంగులో కలవదు వదినా అన్నాను.

"కలవకపోతే పోనీ" అంది. "పెళ్లి కదా."